ఉన్నాను, చెప్పండి

కిందటి వారం కథని, మా అమ్మాయి ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతో మంచం మీద ఉండగా ఆపాను. నుదుటి మీద తడిగుడ్డ మార్చి, పక్కనే కూర్చుని, చేతులు ఊరుకోక ఫోన్ తీశాను. యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళ ప్రశ్నల కిటికీ తెరిచి, అలవాటు కొద్దీ రోజూ అడిగే మాటే అడిగాను. ‘మీరు సీట్లో ఉన్నారా?’ అడిగాక గానీ గుర్తు రాలేదు, ఆ సీట్లో ఉండవలసిన మనిషి నా పక్కనే మూలుగుతోందని. నాలిక కరుచుకునేలోపే జవాబు వచ్చేసింది. ‘ఉన్నాను, చెప్పండి.’ కింద మా అమ్మాయి పేరు.

కొత్తగా చదివేవారు కంగారు పడకుండా వెనక సంగతి కొంచెం చెబుతాను. మా అమ్మాయి ఆ లైబ్రరీలో పనిచేస్తుంది. అదివరకు కింది అంతస్తులో, గుమ్మానికి ఎదురుగా ఒక బల్ల ఉండేది. ఏ విషయం ఏ పుస్తకంలో దొరుకుతుందో తెలియనివాళ్ళు ఆ బల్ల దగ్గరికి వచ్చి అడిగేవాళ్ళు, మా అమ్మాయి వెతికి చెప్పేది. తర్వాత ఆ పని ఫోన్లలోకి, కంప్యూటర్లలోకి మారింది. ఇంట్లో కూర్చుని ప్రశ్న రాస్తే తను సీట్లో నుంచే వెతికి జవాబు రాసేది. ఆ ఏర్పాటుకి మొదటి నుంచీ చాకిరీ చేసింది తనే. జనానికి నచ్చింది. నాకూ నచ్చింది, వేరే కారణం మీద.

నా చదువు బడితోనే ఆగిపోయింది, నాకు లైబ్రరీతో పనేముంది? కానీ పిల్ల పొద్దున గడప దాటిందంటే, బస్సు బ్రేకులు పోయాయేమో, లిఫ్టులో ఇరుక్కుందేమో, ఆ పాత భవనంలో ఏ పెచ్చు ఊడి నెత్తిన పడిందో అని నా ప్రాణం నా దగ్గర ఉండదు. ఫోన్ చేస్తే విసుక్కుంటుంది. అందుకని పేరు చెప్పకుండా ‘ఒక పాఠకురాలు’ అని పెట్టుకుని ఆ కిటికీలో అడిగేదాన్ని. ‘ఉన్నాను, చెప్పండి’ అని కనపడితే పొయ్యి వెలిగించేదాన్ని. జవాబిచ్చాక ఊరికే వెళ్ళిపోతే బాగుండదని, లైబ్రరీ ఎప్పుడు మూస్తారు అని కూడా అడిగేదాన్ని. పాపం, ఓపిగ్గా చెప్పేది.

ఇంతలో ఒక ఫిర్యాదు వచ్చి పడింది. ఇటుక బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళ ఊపిరితిత్తుల జబ్బుల మీద పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి, తన రాత అచ్చుకి ఇచ్చేముందు ఆ కిటికీలో అడిగింది, ఈ విషయం మీద ఇంతకుముందు ఎవరైనా పరిశోధన చేశారా అని. ‘లేదు’ అని జవాబు వచ్చింది. ఆ మాట పట్టుకుని ఇదే మొదటి పరిశోధన అని ముందుమాటలో రాసుకుంది. తీరా పరీక్షకులు చూస్తే అదే యూనివర్సిటీ వైద్య కళాశాల శాఖలో, వేరే పేరుతో, ఒక పాత పరిశోధన ఉండనే ఉంది. దాన్ని చూసి రాసి, చూడనట్టు దాచావని ఆ పిల్ల మీద పడ్డారు. ఆ పిల్ల వచ్చి మా అమ్మాయి మీద పడింది. జవాబు కింద పేరు తనదే కదా. లైబ్రరీ పెద్దాయన తేల్చి చెప్పాడు: ఫలానా రోజున ఆ పిల్ల ఎదుట తప్పు నాదేనని ఒప్పుకో, లేదంటే ఇక రావద్దు. మా అమ్మాయి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పొమ్మంటే పోవడమే.

ఇక్కడే నాకు తిక్క రేగింది. మా అమ్మాయి జన్మలో ‘లేదు’ అనదు. ఆ పని నేర్చుకున్న నాటి నుంచీ అంతే. చక్కెర ఉందా అని వాళ్ళ నాన్న అడిగితే, ‘పై అరలో కనపడలేదు, కింది అర ఇంకా చూడలేదు’ అంటుంది. ఉందో లేదో చెప్పవే తల్లీ, టీ చల్లారిపోతోంది అని ఆయన తల కొట్టుకుంటారు. వెతికినవాళ్ళు కనపడలేదనే అనాలట. ఎక్కడెక్కడ చూశామో చెప్పాలట, మిగతా చోట్లు తర్వాతివాళ్ళు చూసుకుంటారని. పైగా జవాబు చెప్పేముందు ఒక్క ఎదురు ప్రశ్నైనా వేస్తుంది. జనం తమకి కావలసింది మొదటిసారే సరిగ్గా అడగలేరట. అలాంటి పిల్ల, ముక్కూ మొహం తెలియని మనిషికి ‘లేదు’ అని ఒక్క ముక్క పడేసి పోతుందా?

జ్వరం దిగి కళ్ళు తెరిచాక ఫోన్ చూపించాను. నువ్విక్కడుంటే అక్కడ ఉన్నానంటున్నదెవరే అని అడిగాను. చాలాసేపు దాని వంక చూసింది. ఆశ్చర్యపోలేదు. నన్ను భయపెట్టింది అదే. గోడ వైపు తిరిగి, ‘రేపు పెద్దాయన దగ్గరికి నాతో రావద్దమ్మా’ అంది.

రావద్దంటే ఊరుకునే మనిషినైతే ఈ కథే లేదు. నువ్వు వెళితే పని చెడుతుందని మా ఆయన అన్నారు. వెళ్ళకపోతే బాగుపడుతుందా అని చెప్పులు వేసుకున్నాను.

లైబ్రరీ గుమ్మం దాటగానే కాళ్ళు ఆగిపోయాయి. ఆ బల్ల తీసేశారు. ఏళ్ళ తరబడి ఉన్న చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు తెల్లగా మిగిలాయి. దాని చోట నిలువెత్తు తెర ఒకటి నిలబెట్టారు. అందులో చెవులకి మైకు తగిలించుకుని పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్న ఎవరో ఆడపిల్ల బొమ్మ. మొహం ఎవరిదో, కింద పేరు మాత్రం మా అమ్మాయిది. ఎవరి బట్టలో ఇంకొకరు కట్టుకుని వీధిలో తిరుగుతున్నట్టుంది. పక్కన పెద్ద హాల్లో కుర్చీలు సర్దుతున్నారు. ఆసుపత్రి వార్డులకు స్వాగతం అని గుడ్డ మీద రాసి వేదిక వెనక కడుతున్నారు. ఏమిటిదని అడిగేసరికే మా అమ్మాయి మెట్లెక్కేసింది.

లైబ్రరీ పెద్దాయన్ని అందరూ మెత్తని సారు అంటారు. గొంతు పెంచడు. ఏ మాటైనా దూదిలో చుట్టి అందిస్తాడు, విప్పి చూసుకుంటే గానీ లోపల ఏముందో తెలియదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, అమ్మగారు కూడా వచ్చారా, సంతోషం అన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. అంత మర్యాదకి నాకు ఒళ్ళు మండింది. చంపేముందు కూర్చోమన్నట్టుంది.

ఆ పరిశోధన అమ్మాయి అప్పటికే కూర్చుని ఉంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. ఆ పిల్ల మీద అరవాలని ఇంటి దగ్గర ఏవేవో మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. మొహం చూశాక ఒక్కటీ గుర్తు రాలేదు. నిద్ర లేని కళ్ళు, పగిలిన పెదాలు. ఆ పిల్లకీ ఎక్కడో ఒక తల్లి ఉండి, ఈ పూట పొయ్యి వెలిగించకుండా కూర్చుని ఉంటుంది.

“మిమ్మల్ని నమ్మాను,” అంది మా అమ్మాయితో. “లైబ్రరీలో ఎవర్ని అడిగినా మీ పేరే చెప్పారు, ఆవిడ చెప్పిందంటే తిరుగుండదన్నారు. ఇప్పుడు మా గైడు ఫోన్ ఎత్తట్లేదు. క్యాంటీన్లో నేను వెళితే మాటలు ఆపేస్తున్నారు. దొంగనట నేను. ఆ పాత పరిశోధన నేను కళ్ళతో చూడలేదండీ. మీరు లేదన్నారు కాబట్టి చూడలేదు.”

మా అమ్మాయి తల వంచుకుని వింది. తర్వాత లేచి నిలబడింది. ఇప్పుడు చెబుతుంది, దులిపేస్తుంది అనుకున్నాను.

“తప్పు నాదే,” అంది.

నా చెవుల్ని నేను నమ్మలేదు. మెత్తని సారు తృప్తిగా కళ్ళు మూసుకుని తెరిచాడు. పెద్దమనసుతో ఒప్పుకున్నారు, ఇక ఈ విషయం ఇంతటితో వదిలేద్దాం అంటున్నాడు. నాకు కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది. కూర్చోవే అన్నాను. గదంతా నా వైపు తిరిగింది. ఇక ఆగితే నోరు పెగలదని ఒక్క బిగిన చెప్పేశాను. మా పిల్ల లేదనదని, చక్కెర డబ్బా ఖాళీగా ఉన్నా అనదని, ఇంట్లో జ్వరంతో పడుకున్న రోజున కూడా దీని పేరుతో ఎవరో ‘ఉన్నాను’ అంటున్నారని, ఆ ఉన్నదెవరో ముందు తేల్చి తర్వాత తప్పులు ఒప్పించుకోమని.

“అదెవరో మీ అమ్మాయికి తెలుసమ్మా,” అన్నాడు మెత్తని సారు, గొంతు ఇసుమంతైనా పెంచకుండా. “ఈవిడే నేర్పారు దానికి.”

అప్పుడు బయటపడింది అసలు సంగతి. సీట్లో ఉన్నది మనిషి కాదట, యంత్రం. మా అమ్మాయి అన్నాళ్ళుగా రాసిన జవాబులన్నీ దాని లోపల పోశారు. ఎలా పలకరించాలో, ఎలా ముగించాలో, ఏ మాట తర్వాత ఏ మాట రావాలో మా అమ్మాయే దగ్గర కూర్చుని దిద్దింది. తను లేనప్పుడు జనం ఎదురుచూడకుండా ఉంటుందని నమ్మించారు. కింద లైబ్రరీ పేరు ఉంటుందన్నారు. తీరా మొదలుపెట్టాక లైబ్రరీ పేరు తీసి మా అమ్మాయి పేరు పెట్టారు. ఎందుకని అడిగితే మెత్తని సారు దాచుకోలేదు. లైబ్రరీ పేరుకి జనం అడగట్లేదట, మనిషి పేరు కనపడితే అడుగుతున్నారట. అందులో ఈవిడ పేరు మీద నమ్మకం ఎక్కువ, అది మాకూ గర్వమే కదమ్మా అన్నాడు.

“ఎదురు ప్రశ్న ఎందుకు తీసేశారో అది కూడా చెప్పండి సర్,” అంది మా అమ్మాయి. అంతవరకూ వంచిన తల ఎత్తింది. “జవాబుకి ముందు ఒక్కటైనా అడగాలని నేర్పాను. కనపడలేదనాలి, ఎక్కడ వెతికామో చెప్పాలి అని నేర్పాను. రెండూ తీసేయించారు.”

ఎదురు ప్రశ్న వేస్తే కొంతమంది విసుక్కుని వెళ్ళిపోతున్నారట. కనపడలేదు, అక్కడ చూశాం, ఇక్కడ చూడలేదు అని సాగదీస్తే చదివేవాళ్ళకి ఓపిక ఉండట్లేదట. ఉందో లేదో ఒక్క ముక్కలో తేల్చాలన్నది పై నిర్ణయమట. పైన ఎవరున్నారో మాత్రం ఆయన చెప్పలేదు. ఆయన నెత్తి మీద ఫ్యాన్ తప్ప నాకేం కనపడలేదు.

పరిశోధన అమ్మాయి అప్పటిదాకా మమ్మల్ని మార్చి మార్చి చూస్తోంది. సంచీ పక్కన పెట్టింది.

“మరి మొదట నాతో మాట్లాడింది? దుమ్ము వల్ల వచ్చే జబ్బులు అని ఉన్నా పనికొస్తుందా అని అడిగారు. మట్టిపని చేసేవాళ్ళు అని పాత పుస్తకాల్లో ఇంకో పేరుతో ఉండొచ్చు, వైద్య కళాశాల శాఖలో చూస్తాను అన్నారు. అదీ యంత్రమేనా?”

“కాదు. అది నేను.”

“చూస్తానని చూడకుండా ఎందుకు వెళ్ళిపోయారు?”

మా అమ్మాయి తల తిప్పి గది కిటికీలోంచి బయటికి చూసింది. నా వైపు మాత్రం చూడలేదు. చూడకపోవడంలోనే నాకు అర్థమైంది. 

ఆ పిల్ల ప్రశ్నకి వెతుకుతున్న రోజు మధ్యాహ్నం మా అమ్మాయికి ఫోన్ చేసింది నేను. మా ఆయన బయటికి వెళ్ళి భోజనం వేళకి రాలేదు, ఫోన్ ఎత్తలేదు. నాన్నకి ఏదో అయిపోయింది, ఉన్నపళంగా రా అని ఏడ్చాను. పిల్ల పరుగెత్తుకు వచ్చింది. ఇద్దరం వీధులన్నీ తిరిగాం. ఆయన క్షవరం కొట్లో కుర్చీలో వెనక్కి వాలి, మొహమంతా నురగతో, హాయిగా గురక పెట్టి నిద్రపోతున్నారు. వచ్చే దారిలో మేమిద్దరం నవ్వుకున్నాం కూడా. సీట్లోంచి లేచేముందు, ‘ఇంకా వెతుకుతున్నాను, మళ్ళీ వస్తాను’ అని రాసి వెళ్ళాలట. ఆ పనిలో అది మొదటి పాఠమట. నా ఏడుపు విని అది మరిచిపోయింది. కిటికీ మూగగా ఉండిపోయింది. మూగగా ఉన్న కిటికీలోకి ఆ యంత్రం దూరి, వైద్య కళాశాల వైపు తొంగి చూడకుండా, మా అమ్మాయి పేరుతో ‘లేదు’ అని చెప్పి మూసేసింది. ఇంటికి పోయింది నా వల్లని చెప్పాల్సి వస్తుందని పిల్ల తప్పంతా నెత్తిన వేసుకుని నిలబడింది.

నేను నోరు మూసుకుని ఉంటే పోయేది. ఉండలేకపోయాను. నేనే పిలిచానండీ, నా ఏడుపు విని లేచి వచ్చింది, దాన్ని ఏమీ అనకండి అనేశాను. మా అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుంది.

మెత్తని సారు కుర్చీలో ముందుకు జరిగాడు. ఇన్నాళ్ళూ ఆయనకి దొరకనిది నేను పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. “చూశారా, అమ్మగారే చెప్పారు. పని వేళలో, సొంత పని మీద, మాట మధ్యలో వదిలేసి వెళ్ళారు. దీన్ని ఇంకేమనాలి?” అన్నాడు. మా ఆయన మాట నిజమైంది. నేను వెళితే పని చెడుతుందన్నారు, చెడగొట్టాను. నా నాలిక తెగి ఆయన బల్ల మీద పడ్డా బాగుండేది అనిపించింది.

ఆశ్చర్యంగా, నోరు విప్పింది ఆ పరిశోధన అమ్మాయి.

“ఆవిడ లేచి వెళ్ళింది సార్. సరే. నాన్నకి ఏదో అయిందంటే నేనైనా వెళ్ళేదాన్ని. వెతుకుతుంటే మధ్యలో ఆగింది, అంతవరకే ఆవిడది. వెతక్కుండా లేదని చెప్పింది ఎవరు? ఆవిడ పేరు దాని కింద పెట్టింది ఎవరు? నన్ను దొంగని చేసింది ఆ రెండోది. నాకు క్షమాపణ ఎవరు చెబుతారో అది తేల్చండి.”

 ఆ పిల్లని లేచి కౌగిలించుకోవాలనిపించింది. మెత్తని సారు మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. గడియారం చూసుకున్నాడు. ఇంకాసేపట్లో కింద హాల్లో సభ ఉంది, వైద్య కళాశాల ఆసుపత్రిలో వార్డులన్నిటికీ ఈ పూట నుంచి ఇదే కిటికీ తెరుస్తున్నాం అన్నాడు. డాక్టర్లు, నర్సులు మందుల గురించి, జబ్బుల గురించి ఇక్కడే అడుగుతారట. ప్రతి ప్రశ్నకీ అనుభవం ఉన్న మనిషే జవాబిస్తుందని ఆసుపత్రి వాళ్ళకి మాట ఇచ్చేశారట.

మనిషే అన్న మాట దగ్గర నా ఊహ ఆ వార్డుల్లోకి పరుగెత్తింది. మంచం మీద ఎవరి బిడ్డో కొట్టుకుంటూ ఉంటే, ఏ నర్సో ఆదరాబాదరా అడిగితే, ఈ మందుకి ఆ మందుకి పడదని ఏ పుస్తకంలోనైనా ఉందా అంటే, ‘లేదు’ అంటుంది అది. కింద మా అమ్మాయి పేరు. నేను రోజూ ఊహించుకునే బస్సులు, లిఫ్టులు, పెచ్చులు అన్నీ దీని ముందు దిగదుడుపు.

ఆయన మాత్రం మా అమ్మాయికి ఒక దారి చూపించాడు. వేదిక మీద తన పక్కన నిలబడితే చాలట. పేరు విన్నవాళ్ళు మనిషిని చూసుకుంటారు. నాలుగు రోజుల్లో ఉద్యోగం ఖాయం చేయిస్తాడు. ఆ విభాగానికి పెద్దని చేస్తాడు. ఈ పిల్ల విషయంలో పరీక్షకులతో తనే మాట్లాడతాడు, కిటికీలో ఏదో సాంకేతిక లోపం అని చెబుతాడు. అందరూ బాగుపడతారు.

“ఏమంటారు? అభ్యంతరం ఏమైనా ఉందా?”

“లేదు సర్,” అంది మా అమ్మాయి. “అభ్యంతరం లేదు.”

మెత్తని సారు నవ్వాడు. పరిశోధన అమ్మాయి మొహం తిప్పుకుంది. నేను మాత్రం కుర్చీ అంచు పట్టుకున్నాను. ఆ పని నేర్చుకున్నాక ఈ పిల్ల నోట ‘లేదు’ అన్న మాట నేను విన్నది అదే మొదటిసారి. ఏదో చేయబోతోంది. ఏం చేస్తుందో తెలియదు గానీ, అది చేశాక మేం ముగ్గురం ఏం తిని బతుకుతామా అన్న దాకా నా ఆలోచన ఒక్క క్షణంలో పోయింది.

మెట్లు దిగుతూ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. అరచెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

“అమ్మా, నేను పైకెక్కి నిలబడ్డాక, రోజూ అడిగే ప్రశ్న ఇవాళ కూడా అడుగు.”

“ఏ ప్రశ్నే?”

“పాఠకురాలు గారూ,” అంది, పెదవి చివర చిన్న నవ్వుతో. “ఒకసారి అన్నం తిన్నారా అని అడిగారు మీరు. లైబ్రరీని అన్నం తిన్నావా అని అడిగే పాఠకురాలు ఊళ్ళో ఇంకెవరున్నారమ్మా?”

నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్ళూ తెలిసి, రోజూ ఓపిగ్గా ‘ఉన్నాను, చెప్పండి’ అని రాసింది. తను ఉన్నంత కాలం అది నాకోసం రాసిన మాట. ఆ మాటని ఎత్తుకెళ్ళి ఆ యంత్రం నోట్లో పెట్టారు. అప్పుడు వచ్చింది నాకు అసలైన కోపం. అంతకుముందు వచ్చినదంతా ఒట్టి గాభరా.

హాలు నిండింది. తెల్లకోట్ల వాళ్ళు ముందు వరసల్లో కూర్చున్నారు. నేనూ పరిశోధన అమ్మాయీ చివర కూర్చున్నాం. వేదిక మీద గోడంత తెర, అందులో ప్రశ్నల కిటికీ ఖాళీగా మెరుస్తోంది. ఎవరు ఏం అడిగినా అందరికీ కనపడేలా పెట్టారు. మెత్తని సారు మైకు ముందు మెత్తగా మాట్లాడాడు. ముందు వరసలోంచి ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ లేచి ఒక్కటే అడిగింది, మా రోగుల ప్రాణాలతో పని కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను, జవాబులు మనిషే ఇస్తుందా అని. మనిషేనండీ, ఈవిడే అని ఆయన మా అమ్మాయి వైపు చెయ్యి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి రెండు చేతులూ ఎదురుగా కట్టుకుని, అందరికీ కనపడేలా నిలబడింది. చేతుల్లో ఏమీ లేదు.

ఫోన్లో అక్షరాలు ఒక్కొక్కటే నొక్కాను. పంపే గుర్తు మీద వేలు ఆగిపోయింది. నొక్కితే పిల్ల ఉద్యోగం పోతుంది. నొక్కకపోతే ఎవరి పిల్లో పోతుంది. పక్కనున్న అమ్మాయి నా మణికట్టు కింద తన చెయ్యి ఆనించింది.

నొక్కాను.

గోడ మీద ఇంతెత్తున పడింది నా ప్రశ్న. ‘మీరు సీట్లో ఉన్నారా?’ ఎవరో నవ్వారు. నవ్వు ఆగకముందే దాని కింద జవాబు. ‘ఉన్నాను, చెప్పండి.’ దాని కింద మా అమ్మాయి పేరు.

డాక్టరమ్మ తెర వంక చూసింది. తర్వాత మా అమ్మాయి ఖాళీ చేతుల వంక చూసింది. మళ్ళీ తెర వంక చూసింది. హాల్లో ఒక్కో తలా అలాగే తిరగడం వెనకనుంచి నాకు కనపడుతోంది. సాంకేతిక లోపం అంటున్నాడు మెత్తని సారు, మొదటిసారి ఆయన గొంతు మైకులో కీచుమంది.

“మీరు కాదు,” అంది డాక్టరమ్మ. “ఆ అమ్మాయిని చెప్పనివ్వండి. అమ్మాయీ, ఇప్పుడు ఆ జవాబు రాసింది ఎవరు?”

మెత్తని సారు మైకు మీద అరచెయ్యి మూశాడు. మా అమ్మాయి చేతులు విప్పింది. ఆయన వేళ్ళ కిందనుంచి మైకుని తన వైపు లాక్కుంది.

“చెబుతానండీ,” అంది, బల్ల దగ్గర కూర్చున్న రోజుల్లో మాట్లాడే గొంతుతో. “జవాబు చెప్పేముందు మిమ్మల్ని ఒకటి అడగాలి.”